పెద్దమ్మ బరువుకి బిగించిన షాకర్

ఆ రోజుల్లో (మరీ తాతలనాటి మాటేం కాదు, ఫోనూ, ఫోనులో వీడియోలూ వచ్చేసిన రోజులే) మా జంషెడ్‌పూర్‌లో ఏ తెలుగింటి తలుపు తట్టినా లోపలినుంచి పానా పట్టుకుని ఒక నిపుణుడు వచ్చేవాడు. కుళాయి కారుతోందన్నా ఆయనే, ఫ్యాను కిర్రుమంటోందన్నా ఆయనే. ఆయన దగ్గర వైద్యం ఒక్కటే, బిగించడం. వదులుగా ఉన్నది ఏదైనా సరే లోకానికి ప్రమాదమని ఆ తరం మగవాళ్ళ గట్టి నమ్మకం, అది నట్టయినా, ఆడపిల్లయినా. (నట్టు కొంత నయం. సాయంత్రం ఇంత ఆలస్యమేమిటని దాన్ని ఎవరూ అడగరు.) కర్మాగారాల్లో పగలంతా బిగించి వచ్చిన చేతులు ఇంటికొచ్చాక ఊరుకోవు కదా, అందుకని మా ఇళ్ళల్లో మంచం కోళ్ళూ, తలుపు గడియలూ, పచ్చడి డబ్బాల మూతలూ అన్నీ మామూలు మనిషి విప్పలేనంత గట్టిగా ఉండేవి. మా అమ్మ ఆవకాయ వడ్డించాలంటే నాన్న షిఫ్టు దిగి ఇంటికి రావాల్సిందే.

ఇచ్ఛాపురం దగ్గరి పల్లెనుంచి వచ్చి సీతారాండేరాలో స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్న లారీల కర్మాగారంలో ముందు ఇరుసు బిగించే లైనులో పనిచేసేవాడు. నేను డిప్లొమా పూర్తిచేసి, టెల్కో కాలనీ అవతల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో కొలతలు సరిచూసే ఉద్యోగంలో చేరాను. ఇంకా ట్రైనింగే. నాన్న నన్ను స్కూటరు మీద గేటు దాకా దింపి, నేను లోపలికెళ్ళి వెనక్కి తిరిగి చెయ్యి ఊపేదాకా కదిలేవాడు కాదు. ఊపడం మరిచిపోతే హారను కొట్టేవాడు. దాంతో కంపెనీలో నాకు 'స్కూటర్ బేబీ' అని పేరు పడింది. పేరుతో పోతే బాగానే ఉండేది. నాన్నకి తెల్లవారుజాము షిఫ్టు పడిన వారాల్లో నన్ను దింపే మనిషి ఉండడు. దింపే మనిషి లేకపోతే ఆ రోజు నాకు సెలవు. ఇది మా ఇంటి చట్టం. అలా కొన్ని సెలవులయ్యాక మా సూపర్‌వైజరు పిలిచి, "బేటా, కంపనీ తుమ్హారే పాపా కీ షిఫ్ట్ సే నహీఁ చల్తీ" అన్నాడు చల్లగా. మీ నాన్న షిఫ్టుని బట్టి కంపెనీ నడవదమ్మా, ఇంకోసారి ఇలా మానేస్తే మళ్ళీ రానక్కర్లేదు అని దానికి అర్థం. ఆ అర్థం కూడా ఆయనే విడమరిచి చెప్పాడు, పాపం, నాకు ఏ సందేహమూ మిగలకుండా.

అందుకని సైకిలు కొన్నాను. స్కూటీ కొనేంత స్తోమత లేదు గానీ గీర మాత్రం ఉంది కాబట్టి మామూలు సైకిలు కొనకుండా, కొండలెక్కే రకంలో అన్నిటికంటే చవకది, ముందు చక్రానికి కుదుపులు మింగే షాకర్ ఉన్నది కొన్నాను. "పహాడ్ చఢ్ జాయేగీ మేడమ్" అన్నాడు కొట్టువాడు, కొండైనా ఎక్కేస్తుందని. నేను దల్మా కొండని డాబా మీదనుంచి చూడ్డమే తప్ప దాని మొదట్లోకైనా ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా ఆ మాటకి ఒళ్ళు పొంగిపోయింది. ఇంట్లో అమ్మ ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. "ఒంటికి ఏటయినా అయిందో, ఆ పూటే సైకిలు అమ్మేత్తాను. మళ్ళీ స్కూటరే. తెలిసిందా?" అంది. తెలిసింది. తెలిసీ నాలుగు రోజులు తొక్కాక ఒక రాత్రి అన్నం తింటూ, "చేతులు కొంచెం లాగుతున్నాయి, ముందు షాకర్ గట్టిగా ఉన్నట్టుంది" అని నోరు జారాను. ఆ మాట బదులు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని ఉంటే నా బతుకు ప్రశాంతంగా ఉండేది. నాన్న పెరుగన్నం మధ్యలో ఆపి తలెత్తాడు. ఆ కళ్ళల్లో పానా మెరిసింది.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో సైకిలు నిలబెట్టారు. నాన్న లుంగీ ఎగ్గట్టాడు. కబురందుకుని మావయ్య సుత్తితో సహా దిగాడు. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు, టాటానగర్ స్టేషన్లో రైలుపెట్టెల చక్రాలనీ స్ప్రింగులనీ సుత్తితో కొట్టి, మోతని బట్టి వాటి ఆరోగ్యం చెప్పే ఉద్యోగం. ఇంట్లో కూడా కుర్చీ కనిపిస్తే కొట్టి విని కూర్చుంటాడు. నాన్నకి రైలు వాళ్ళంటే లోకువ, మావయ్యకి లారీల వాళ్ళంటే లోకువ, ఇద్దరికీ కలిపి సైకిలంటే లోకువ. నేను మాత్రం ముందురాత్రే వీడియో చూసి తయారుగా ఉన్నాను. షాకర్ ఎడమ కాలు నెత్తిన నల్లటి ప్లాస్టిక్ నాబ్ ఒకటుంటుంది, దాని మీద ఒకవైపు ప్లస్సు, ఒకవైపు మైనస్సు. ప్లస్సు వైపు తిప్పితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, మైనస్సు వైపు తిప్పితే మెత్తబడుతుంది. ఎక్కే మనిషి బరువుని బట్టి తిప్పుకోవాలి. వేళ్ళతో తిప్పితే చాలు. ఇంతే శాస్త్రం.

"పాపా, యే దేఖియే, మైనస్ కీ తరఫ్ ఘుమానా హై" అంటూ, మైనస్సు వైపు తిప్పాలని ఫోను నాన్న ముఖం ముందు పెట్టాను. (మా తరంలో పెద్దవాళ్ళు తెలుగులో అడగడం, మేం హిందీలో జవాబివ్వడం మామూలే. ఇద్దరమూ ఎదుటివాళ్ళ మాట వినం కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.)

నాన్న ఫోనులోని తెల్లవాణ్ణి కాసేపు చూశాడు. "ఈడెవడే? ఈడు భుయ్యాడీహ్ రోడ్డు ఎప్పుడైనా సూసేడా? గడ్డిలో తొక్కుతన్నాడు, ఈడికేటి తెల్సు? లారీలకి బిగించినోణ్ణి, నాకు మైనస్సులు సెప్తావేటి? బండన్నాక ముందు లోడు సూడాల."

"లోడు నేనే కదా?"

నాన్న నన్ను పైనుంచి కిందికి ఓసారి చూశాడు. "నువ్వు లోడేటే? నువ్వెక్కినా ఖాళీ బండితో సమానం" అన్నాడు.

నాన్న సిద్ధాంతం ఇదీ. స్ప్రింగుని ఖాళీ బండికి సరిపెట్టకూడదు, పూర్తి లోడుకి సరిపెట్టాలి. అదీ కాయితం మీద రాసిన లోడుకి సరిపెడితే చాలదు, ఎందుకంటే కాయితం మీద ఎంతుంటే అంతే ఎక్కించిన మహానుభావుడు ఈ దేశంలో ఇంతవరకూ పుట్టలేదు. బండి ఎప్పటికైనా మోయబోయే అతి పెద్ద బరువేదో దానికి బిగించి పెట్టేస్తే, తక్కువ బరువులకి అదే సర్దుకుంటుంది. లారీల విషయంలో ఇది నిజమేనేమో, నాకు తెలీదు. సైకిలు మీద మోయడానికి అంత బరువేముందని అడిగితే, "రేపు గేసు సిలిండరు తెమ్మంటే? బియ్యం బస్తా తెమ్మంటే?" అన్నాడు మావయ్య. ఉద్యోగానికి వెళ్ళడానికి కొన్న సైకిలు మీద మా ఇంటి మగవాళ్ళు అప్పుడే సిలిండరు ఎక్కించేశారు. అదేమిటో, మా ఇళ్ళల్లో ఆడపిల్ల ఏదైనా కొనుక్కుంటే, దానిమీద ఇంకా ఏమేం మోయించవచ్చన్న ఆలోచనే ముందొస్తుంది.

షాకర్ కాలికి నాన్న ఒక రబ్బరు బ్యాండు తొడిగాడు. మనిషి కూర్చుంటే షాకర్ ఎంత కుంగుతుందో బ్యాండు అంత పైకి జరుగుతుంది. నేను కూర్చున్నాను. బ్యాండు కదిలీ కదలనట్టు కదిలింది. "సూసేవా, ఖాళీ బండి" అన్నాడు నాన్న. మావయ్య కూర్చున్నాడు, కొంచెం జరిగింది. ఇంకా బరువు కావాలని నాన్న చుట్టూ చూస్తున్న సమయంలో, పక్క వాటా నుంచి మా పెద్దమ్మ ఈ తమాషా చూద్దామని కాకరకాయల పళ్ళెంతో బయటికొచ్చింది. పెద్దమ్మంటే నాన్నకి వదిన. ఆవిడ బరువెంతో మా వంశంలో ఎవరూ పైకి అనరు, 'నిండైన మనిషి' అంటారు. నాన్న చూపు ఆవిడ మీద ఆగింది.

"వదినా, ఒక్కపాలి ఇలగొచ్చి కూకో."

"ఓలమ్మా! నేనేటి, ఈ ఒంటె మీద ఎక్కడమేటి! పడితే నడుములిరిగిపోవా?"

"మేవు పట్టుకుంటాం గదా. పిల్ల ఉద్యోగం కోసం వదినా" అన్నాడు నాన్న, నా ఉద్యోగం మీద అంత ప్రేమ ఉన్నవాడిలాగా.

నాన్న ముందు హ్యాండిలు, మావయ్య వెనక చక్రం, నేను పెద్దమ్మ వీపు పట్టుకున్నాం. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రథమెక్కే ఉత్సవమూర్తిలా నెమ్మదిగా ఎక్కి కూర్చుని, హ్యాండిలు మీదికి వాలింది. షాకర్ ఉస్సురంటూ అడుగుదాకా దిగిపోయింది. రబ్బరు బ్యాండు ఎగిరి నెత్తికెక్కింది. నాన్న ముఖం వెలిగిపోయింది. "అదీ! రోగం దొరికింది!" అన్నాడు. రోగం నా చేతులకైతే దొరికింది పెద్దమ్మ దగ్గర. ఇంక చూడండి, నాబ్‌కి గుడ్డముక్క చుట్టి, ప్లయరుతో పట్టి, ప్లస్సు వైపు తిప్పడం, పెద్దమ్మని ఎక్కించడం, దించడం, మళ్ళీ తిప్పడం. చివరికి పెద్దమ్మ ఊగినా షాకర్ చలించని దశ వచ్చింది. అప్పటికి పెద్దమ్మకి భయం పోయి సరదా పుట్టింది, "ఇంకొక్కపాలి కూకోనా?" అని అడిగింది. మావయ్య సుత్తితో షాకర్‌ని ఠంగుమనిపించి, చెవి పెట్టి విని, "మోత బాగున్నాది బావా" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. నేను చెప్పాల్సింది చెప్పి చూశాను. బతికి ఉండగా సైకిలు తొక్కని మనిషికి సరిపెట్టారు, రోజూ ఎక్కేది నేను కదా అన్నాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నట్టు ఇద్దరూ నావైపు జాలిగా చూశారు.

ఆ తర్వాత నాన్న అన్నిటికంటే ఘోరమైన పని చేశాడు. లోపలికెళ్ళి పసుపు రంగు డబ్బా, సన్నటి కుంచె తెచ్చి, నాబ్ మీదనుంచి కింద ఇనుము మీదికి ఒక గీత గీశాడు. కర్మాగారం సంగతి తెలియనివాళ్ళకి ఇది అలంకారంలా కనిపిస్తుంది. అక్కడ నట్టు సరిగ్గా బిగించాక దానిమీద ఇలా రంగుగీత గీస్తారు. తర్వాత ఎవరైనా వేలు పెట్టి కదిపితే గీత తెగి, దొంగతనం బయటపడుతుంది. గీత పడిన నట్టు జోలికి ఎవరూ వెళ్ళరు. మా ఇంట్లో కూడా అదే ఆచారం. గ్యాసు రెగ్యులేటరు మీద, నీళ్ళ మోటారు మీద, మా అమ్మ కుట్టుమిషను మీద కూడా నాన్న గీతలుండేవి. గీత గీశాక ఇంక మాట లేదు. అది ఆయన సంతకం.

సోమవారం ఉదయం భుయ్యాడీహ్ మీదుగా బయల్దేరాను. ఆ రోడ్డులో గుంటల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. ఒక్కో గుంటా చక్రంలోంచి, బిగిసిన షాకర్లోంచి తిన్నగా నా మణికట్టులోకి వచ్చి, అక్కణ్ణుంచి దవడల్లోకి వెళ్ళింది. టిఫిను డబ్బా మూత ఊడి (ఇంట్లో నాన్న బిగించకుండా వదిలేసిన వస్తువు అదొక్కటే) పులిహోర సంచీ నిండా పరుచుకుంది. కంపెనీలో కొలిచే పరికరం చేత్తో పట్టుకుంటే ముల్లు వణుకుతోంది, అది కొలిచే ముక్కలోని తేడానో నా చేతి వణుకో తెలియడం లేదు. అసలే ఆ రోజు సూపర్‌వైజరు నా వెనకే నిలబడ్డాడు, గోరుచుట్టు మీద రోకటిపోటు. "కల్ ఠీక్ సే ఆనా" అన్నాడు. రేపు సరిగ్గా రా అని. రావడం మాత్రం తప్పదన్నమాట.

సాయంత్రం అమ్మ వాచిన మణికట్లు చూసింది. ఇంక అడగాలా? సైకిలు అమ్మేయమంది, రేపట్నుంచి స్కూటరే అంది. నాన్నకి ఆ వారం తెల్లవారుజాము షిఫ్టు, మావయ్యకి డ్యూటీ. మరి రేపు నన్ను దింపేదెవరు అని అడిగాను.

"సెలవెట్టీ. ఒక్క రోజుకి ఏటయిపోతాది?" అన్నాడు నాన్న.

"నౌకరీ చలీ జాయేగీ, పాపా."

"ఉద్యోగం పోతే ఇంకోటొత్తాది" అన్నాడు, పేపరు తిరగేస్తూ. వాకిట్లో ఆ సైకిలు కొయ్యగుర్రంలా నిలబడి ఉంది. నాకు కోపం నెత్తికెక్కింది. షాకర్ మైనస్సు వైపు కొంచెం తిప్పితే పోయేదానికి నా ఉద్యోగం పోవాలా? ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు.

తెల్లవారి నాన్న యూనిఫారం వేసుకుని, క్యారేజీ తీసుకుని, రోజూలాగే షిఫ్టుకి వెళ్ళాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. నేను ప్లయరు, గుడ్డముక్క తీసుకుని వాకిట్లోకి వచ్చాను. పసుపు గీత మిలమిలా మెరుస్తోంది. నిజం చెప్పొద్దూ, దాన్ని చూస్తే భయమేసింది. డిప్లొమా పరీక్షకి కూడా అంత భయపడలేదు. కళ్ళు మూసుకుని నాబ్ పట్టి తిప్పాను. మొదట కదల్లేదు, తర్వాత ఒక్కసారి కరకరమని గీత రెండు ముక్కలైంది. ఇంక చేతికి ఆనందం పట్టలేక తిప్పుకుంటూ పోయాను. ఎక్కడ ఆపాలో వీడియోలో చెప్పాడు. చెప్పిన చోటు దాటి, నాబ్ ఇంక తిరగనని మొరాయించేదాకా తిప్పాను. ఎక్కడికక్కడ విప్పేసుకోవడమే స్వేచ్ఛ అనుకునే వయసు.

బయల్దేరితే ఏం హాయి! గుంటలు గుంటల్లా లేవు, ఊయల ఊగినట్టుంది. చేతుల్లో నొప్పి లేదు. పాట కూడా పాడుకున్నాను. అయితే మొదటి స్పీడుబ్రేకరు దగ్గర బ్రేకు పట్టేసరికి సైకిలు ముందుకి వంగి దానికి నమస్కారం పెట్టింది. రెండో బ్రేకరుకీ పెట్టింది. ఆవుకి పెట్టింది, ఆటోకి పెట్టింది. చివరికి భుయ్యాడీహ్ మలుపులో ఒక లారీ హఠాత్తుగా ఆగేసరికి, నేను రెండు బ్రేకులూ నొక్కడమేమిటి, షాకర్ పూర్తిగా దిగిపోయి, సీటు నన్ను పైకి విసిరి, నేను హ్యాండిలుని కావలించుకుని లారీ వెనక పలక మీది రాతలు చదవగలిగేంత దగ్గరలో ఆగడమేమిటి, అంతా ఒకేసారి జరిగింది. దెబ్బ తగల్లేదు. పరువు పోయింది. అది కూడా ఎవరూ చూడలేదు కదా అని ఊరట పడుతుండగా వెనకనుంచి తెలిసిన హారను.

తిరిగి చూద్దును కదా, స్కూటరు మీద యూనిఫారంలో నాన్న. వెనక సీట్లో సుత్తి సంచీ ఒళ్ళో పెట్టుకుని మావయ్య. నన్ను దింపడానికి దొరకని సెలవు నా వెంట పడడానికి ఇద్దరికీ దొరికింది.

"మా కంపెనీ గేటు దాకా ఎల్లి తిరిగొచ్చేసేను" అన్నాడు నాన్న, నేను అడక్కుండానే. "నువ్వాగవని తెల్సు."

స్కూటరుకి స్టాండు వేసి వచ్చి సైకిలు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన చూపు తిన్నగా నాబ్ మీదికి వెళ్ళింది. గీత పైముక్క ఒకవైపు, కింది ముక్క ఒకవైపు. మావయ్య భుజం మీదనుంచి తొంగి చూసి, "ఇప్పీసింది బావా! గీత తెంపీసింది! లే, నేను బిగించేత్తాను" అని సంచీలోంచి ప్లయరు తీశాడు. ఇంక సైకిలు లేదు, ఉద్యోగం లేదు, స్కూటర్ బేబీ కూడా మిగలదు, ఇంట్లో బేబీయే.

"నువ్వుండరా" అన్నాడు నాన్న.

లేచి, నావైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ, "మరీ వదిలేసేవు. బ్రేకేత్తే ముక్కు నేలకి రాసుకుంటంది. ఒకట్రెండు సుట్లు బిగించు" అన్నాడు. నేను ప్లయరు కోసం చెయ్యి చాపాను. "అదొద్దు. యేళ్ళతో తిప్పు. నువ్వే తిప్పు."

తిప్పాను. ఎక్కి, బ్రేకు పట్టి ఊగి చూశాను. మళ్ళీ దిగి కొంచెం తిప్పాను. వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి, మావయ్య వాళ్ళతో హిందీలో దెబ్బలాడుతున్నాడు, నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు ఎంత దురద పెట్టాయో నాకు తెలుసు. నేను మూడోసారి ఎక్కి ఊగినప్పుడు అడిగాడు.

"సరిపోయిందా?"

సైకిలు కొన్న దగ్గర్నుంచీ, ఆ మాటకొస్తే నాకు పెద్దయ్యాక కూడా పనికొస్తాయని పొడుగ్గా కుట్టించిన గౌన్ల దగ్గర్నుంచీ, మా ఇంట్లో ఎవరైనా ఆ మాట నన్ను అడగడం అదే మొదలు. ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, ఆటోల మధ్య, షాకర్ కోసం ఏడుస్తోందనుకుంటారని సిగ్గేసింది. "హో గయా, పాపా" అన్నాను. మళ్ళీ, "సరిపోయింది నాన్నా" అన్నాను.

"అయితే బేగి ఎల్లు. టైమైపోతంది" అని స్కూటరు ఇంటివైపు తిప్పేసుకున్నాడు.

ఉద్యోగం నిలబడింది. ఇప్పుడు నాకు సొంత స్కూటీ ఉంది. దాని షాకర్లు కంపెనీలోనే బిగించి పంపారు, కొంచెం గట్టిగానే ఉన్నాయి. గుంటలో పడ్డప్పుడల్లా నడుం పట్టేస్తుంది. సర్వీసుకి ఇచ్చినప్పుడు చెప్పాలనుకుంటాను, తీరా అక్కడికి వెళ్ళాక చెప్పను, అలవాటైపోయిందిలే అనుకుంటాను. పొద్దున్నే లేచి, భయపడుతూనే కన్నతండ్రి గీత తెంపిన ఆ పిల్ల నన్నిప్పుడు చూస్తే ఏమంటుందా అనిపించి, స్కూటీ మీద ఒక్కదాన్నే నవ్వుకుంటాను. ఏమీ అనదు. ప్లయరు ఎక్కడుందని అడుగుతుంది.